అతుకు కోయక ముందు తెలియాల్సింది

ఆటోమేటిక్ కారు గేర్ బాక్సును కిందికి దించితే, దాని ముందు భాగంలో ఒక గుండ్రటి ఉక్కు డబ్బా ఉంటుంది. చాలా కార్లలో దాని వెడల్పు పాతిక సెంటీమీటర్లకు అటూఇటూ. నూనెతో నిండి ఉంటే ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. మూత లేదు, విప్పడానికి బోల్టు లేదు. చుట్టూ ఒక వెల్డింగ్ అతుకు, నడుమ ఒక గొట్టం. ఆ గొట్టంలోకి వేలు పెడితే పళ్లు తగులుతాయి. ఇదే టార్క్ కన్వర్టర్. లోపల రెక్కలున్న చక్రాలు మూడు, ఒక క్లచ్, స్ప్రింగులు పొదిగిన పళ్లెం, కొన్ని బేరింగులు ఉన్నాయి. వీటిలో ఒక్కటీ బయటికి కనపడదు.

కోస్తే కనపడతాయి. అయితే కోశాక మనం చూసేది ఆగిపోయిన చక్రాలను. రోగం బయటపడేది అవి నూనెలో తిరుగుతున్నప్పుడు. ఇంజిన్ బాగుచేసేవాడికి చప్పుడు వినే వీలుంది, పొగ రంగు చూసే వీలుంది, ఒక్కో సిలిండర్‌ను విడిగా పరీక్షించే వీలుంది. టార్క్ కన్వర్టర్ ఓవర్‌హాల్ చేసేవాడికి ఉన్న ఆధారాలు రెండే: బండి ప్రవర్తన, లోపల నూనె ఎలా పారుతుందన్న అవగాహన. అందుకే ఈ వృత్తిలో లేత్ మెషీన్ తిరగడానికి ముందు బుర్ర తిరగాలి. ఈ పనికి కావాల్సిన నైపుణ్యంలో సగానికి పైగా కోతకు ముందే ఖర్చవుతుందని నా అభిప్రాయం. ఈ అధ్యాయమంతా ఆ మాటకు వివరణే.

మొదట నూనె సంగతి. ఈ యంత్రం పుట్టింది ఓడల కోసం. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఓడల నిర్మాతలకు ఒక చిక్కు ఎదురైంది. ఆవిరి టర్బైన్ చాలా వేగంగా తిరిగితేనే సమర్థంగా పనిచేస్తుంది. నీళ్లలోని ప్రొపెల్లర్‌కు నెమ్మదైన తిరుగుడు కావాలి. రెంటి మధ్యా అంత శక్తిని మోసే నమ్మకమైన పెద్ద గేర్లు అప్పటికి లేవు. జర్మనీలోని స్టెట్టిన్ నగరంలో (ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది) వుల్కాన్ ఓడల కర్మాగారంలో పనిచేస్తున్న హెర్మన్ ఫ్యోటింగర్ అనే ఇంజినీరు ఈ చిక్కును పట్టుకున్నాడు. టర్బైన్ ఒక పంపును తిప్పితే, ఆ పంపు పైపుల గుండా నీటిని తోస్తే, ఆ నీరు ఇంకో చక్రాన్ని తిప్పుతుంది కదా అని లెక్క వేశాడు. పైపుల్లో, మలుపుల్లో శక్తి విపరీతంగా వృథా అవుతుందని తేలింది. అప్పుడు పైపులు మొత్తం తీసేసి, రెండు చక్రాలనూ ఒకే డబ్బాలో ఒకదాని ముఖం ఒకటి చూసేలా పెట్టి, మధ్యలో కదలని రెక్కల వరస ఒకటి అమర్చాడు. 1905లో దానికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత కొన్నేళ్లకే మంచి గేర్లు రావడంతో ఓడలు ఈ డబ్బాను వదిలేశాయి. దాన్ని రోడ్లు, రైలు పట్టాలు, గనులు అందుకున్నాయి.

ఒకదాన్నొకటి తాకని రెండు చక్రాల మధ్య తిప్పే బలం ఎలా సాగుతుంది? పెరుగు చిలికినవాళ్లకు ఇది తెలుసు. కుండను కాళ్లతోనో చేత్తోనో అదిమిపట్టకుండా కవ్వం తిప్పితే, కవ్వం ఎటు తిరిగితే కుండా అటే తిరగబోతుంది. కవ్వం కుండకు ఎక్కడా తగలడం లేదు. మజ్జిగే ఆ తిప్పుడును మోసుకెళ్తోంది. కన్వర్టర్‌లో ఇంజిన్‌తో పాటు తిరిగే ఇంపెల్లర్ కవ్వం లాంటిది, గేర్ బాక్సు షాఫ్టును తిప్పే టర్బైన్ కుండ లాంటిది. పోలిక ఇక్కడితో ఆపాలి. ఎందుకంటే చిక్కటి నూనె అయితే బలం బాగా అందుతుందని చాలామంది మెకానిక్‌లు కూడా అనుకుంటారు. అది పొరపాటు. ఇక్కడ పనిచేసేది నూనె జిగట కాదు, దాని బరువూ వేగమూ. ఇంపెల్లర్ నూనెను నడుమ నుంచి అంచుకు విసిరి దానికి కోణీయ ద్రవ్యవేగం ఇస్తుంది. టర్బైన్ ఆ ద్రవ్యవేగాన్ని లాక్కుంటుంది. జిగట పెరిగితే రాపిడి పెరిగి వేడి ఎక్కువవుతుందే తప్ప బలం పెరగదు. కంపెనీ చెప్పిన ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్సు నూనె) బదులు చిక్కటి నూనె పోసి చూద్దామన్న ఆలోచన రాకుండా ఉండాలంటే ఈ ఒక్క ముక్క తెలిసి ఉండాలి.

ఇంపెల్లర్, టర్బైన్ రెండే ఉంటే ఇచ్చిన బలమే అవతల అందుతుంది, అంతకు మించి రాదు. మూడో చక్రం స్టేటర్ వల్లే అది పెరుగుతుంది. బండి ఆగి ఉంది, టర్బైన్ కదలడం లేదు అనుకుందాం. ఇంపెల్లర్ విసిరిన నూనె టర్బైన్ వంపు రెక్కల్లో పడి, వెనక్కి మళ్లి, ఇంజిన్ తిరిగే దిశకు ఎదురుగా తిరుగుతూ బయటికి వస్తుంది. అది అలాగే ఇంపెల్లర్‌లోకి వెళ్తే ఇంజిన్‌ను అడ్డుకుంటుంది. మధ్యలో ఉన్న స్టేటర్ రెక్కలు ఆ నూనెను ఇంజిన్ దిశకు తిప్పి పంపుతాయి. నూనె దిశ మార్చినందుకు నూనె స్టేటర్‌ను వెనక్కి నెడుతుంది. స్టేటర్ వెనక్కి తిరగలేదు, ఎందుకంటే అది ఒకే వైపు తిరిగే వన్‌వే క్లచ్ మీద, గేర్ బాక్సు కేసింగ్‌కు బిగించిన గొట్టం మీద కూర్చుని ఉంది. ఇంజిన్ 200 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంటే టర్బైన్ మీద 400 పడుతున్నాయంటే, తక్కిన 200 కేసింగ్ నుంచి స్టేటర్ ద్వారా వచ్చినవే. టర్బైన్ టార్క్ అంటే ఇంపెల్లర్ టార్క్, స్టేటర్ టార్క్ కలిసిన మొత్తం. ఊరికే వచ్చిందేమీ లేదు, వేగం పోగొట్టుకుని బలం సంపాదించాం. మామూలు కార్లలో ఈ పెంపు ఆగి ఉన్నప్పుడు సుమారు రెండు రెట్లు. బండి వేగం అందుకునే కొద్దీ అది తగ్గుతూ వస్తుంది. టర్బైన్ వేగం ఇంపెల్లర్ వేగంలో 85, 90 శాతానికి చేరేసరికి నూనె స్టేటర్ రెక్కల వీపు మీద పడడం మొదలవుతుంది. అప్పుడు వన్‌వే క్లచ్ పట్టు వదిలి, స్టేటర్ కూడా అందరితో పాటు తిరుగుతుంది.

ఇంపెల్లర్ మోయగల టార్క్ దాని వేగపు వర్గంతోనూ, వ్యాసపు అయిదో ఘాతంతోనూ మారుతుంది. అయిదో ఘాతమంటే మాటలు కాదు. వ్యాసం పది శాతం పెరిగితే సామర్థ్యం 61 శాతం పెరుగుతుంది. చూడ్డానికి ఒకలాగే ఉన్నాయని ఒక బండి కన్వర్టర్ ఇంకో బండికి పెట్టకూడదనడానికి కారణం ఇదే. వ్యాసం కలిసినా స్టేటర్ రెక్కల వాలు వేరైతే బండి నడకే మారిపోతుంది. పాత కన్వర్టర్ మీద చెక్కిన కోడ్ నంబరు అరిగిపోక ముందే రాసి పెట్టుకోవడం ఈ వృత్తిలో మొదటి క్రమశిక్షణ.

ఈ టార్క్ కన్వర్టర్‌తో కార్లకు వచ్చిన మొదటి పేరున్న ఆటోమేటిక్ 1948లో అమెరికాలో బ్యూక్ తెచ్చిన డైనాఫ్లో. నున్నగా సాగేది, కానీ చురుకు లేక జనం ‘డైనాస్లష్’ అని వెక్కిరించారు. కన్వర్టర్ ఎంత బాగా పనిచేసినా టర్బైన్ ఇంపెల్లర్ కన్నా కొంచెం వెనకబడే ఉంటుంది. ఆ తేడా మొత్తం నూనెను వేడెక్కిస్తుంది. 1949లో ప్యాకర్డ్ కంపెనీ అల్ట్రామాటిక్‌లో ఒక క్లచ్ పెట్టి, వేగం అందుకున్నాక రెండు చక్రాలనూ నేరుగా కలిపేసింది. ఈ లాకప్ క్లచ్ అప్పట్లో అందరికీ అనవసరపు ఖర్చుగా తోచింది. 1970ల్లో చమురు ధరలు మండిపోయాక అందరూ దాని దారే పట్టారు. ఇవాళ ఓవర్‌హాల్‌కు వచ్చే కార్ల కన్వర్టర్లలో ముందుగా అనుమానించాల్సింది కూడా ఆ లాకప్ క్లచ్‌నే.

ఇప్పుడు గ్యారేజీకి వెళ్దాం. “అన్నా, బండి పికప్ లేదు” అంటాడు వచ్చినాయన. ఈ ఒక్క మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. సిగ్నల్ దగ్గర లేవడం లేదా, హైవే మీద ఎక్కడం లేదా? తొక్కితే ఇంజిన్ అరుస్తోందా, మూలుగుతోందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాబట్టగలిగితే కోత అవసరమా కాదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

వన్‌వే క్లచ్ పట్టు పోయిందనుకోండి. స్టేటర్ వెనక్కి తిరిగిపోతుంది, నూనె దిశ మారదు, ఎదురు తిరిగిన నూనె ఇంపెల్లర్‌ను కొడుతుంది. కాబట్టి ఆగిన చోటు నుంచి బండి లేవదు, ఇంజిన్ మూలుగుతుంది. కానీ 60, 70 కిలోమీటర్ల వేగం దాటాక ఏ తేడా తెలియదు, అప్పటికి స్టేటర్ ఎలాగూ తిరగాల్సిందే కదా. దీనికి తలకిందులు రోగం, వన్‌వే క్లచ్ బిగుసుకుపోవడం. అప్పుడు బండి లేవడం బ్రహ్మాండంగా ఉంటుంది. వేగం పెరిగాక స్టేటర్ తిరగకుండా నూనెకు అడ్డం నిలబడుతుంది. హైవే మీద బండి బరువెక్కుతుంది, నూనె కాగిపోతుంది. ఇలాంటి కన్వర్టర్‌ను దించి చూస్తే హబ్ (నడుమ ఉండే గొట్టం) వేడికి నీలం రంగు తిరిగి ఉండవచ్చు. ఇంజినే బలహీనమైతే లేవడంలోనూ సాగడంలోనూ రెండింట్లోనూ తెలుస్తుంది. ఇంజిన్ అరుస్తూ బండి కదలకపోతే గేర్ బాక్సులోని క్లచ్‌లు జారుతున్నాయి, లేదా నూనె తక్కువైంది. కన్వర్టర్‌ను ఎన్నిసార్లు కోసినా లాభం లేదు. డబ్బు పోయే చోటు ఇదే. తప్పు భాగాన్ని అద్భుతంగా బాగుచేయడం కన్నా ఖరీదైన పని గ్యారేజీలో ఇంకోటి లేదు.

ఈ తర్కానికి అంకెల సాక్ష్యం స్టాల్ టెస్ట్. చక్రాలకు అడ్డం పెట్టి, రెండు బ్రేకులూ వేసి, గేర్ డి లో పెట్టి, ఎక్సలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్ వేగం ఎంత ఆర్‌పీఎం దగ్గర పెరగడం ఆగుతుందో చూస్తారు. కంపెనీ చెప్పిన దానికన్నా బాగా తక్కువైతే ఇంజిన్ లేదా స్టేటర్. ఎక్కువైతే గేర్ బాక్సు క్లచ్‌లు. మన ఊళ్లలో చెరువు పూడిక దగ్గర్నుంచి ఇంటి పునాది దాకా తవ్వే జేసీబీల సర్వీసులోనూ ఈ పరీక్ష ఉంది. అయితే అయిదు సెకన్లు మించకూడదని చాలా సర్వీసు పుస్తకాలు హెచ్చరిస్తాయి. ఎందుకో లెక్క వేద్దాం. 2000 ఆర్‌పీఎం దగ్గర 200 న్యూటన్ మీటర్లు అంటే దాదాపు 42 కిలోవాట్లు. బండి కదలడం లేదు గనక ఆ శక్తి మొత్తం వేడే. కన్వర్టర్‌లో నాలుగు లీటర్ల నూనె ఉంటే దాని బరువు సుమారు 3.4 కిలోలు, దాన్ని ఒక్క డిగ్రీ పెంచడానికి ఏడు కిలోజౌళ్లు కూడా అక్కర్లేదు. అంటే సెకనుకు ఆరు డిగ్రీలు. అయిదు సెకన్లలో 30. ఇరవై సెకన్లు తొక్కిపెడితే, 90 డిగ్రీల దగ్గరున్న నూనె 200 దాటుతుంది. సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ లైనింగ్ మాడుతుంది. రోగం లేని కన్వర్టర్‌కు కూడా పరీక్షే రోగం తెప్పించగలదు. కొత్త కార్లలో కంప్యూటరే ఈ స్థితిని గుర్తుపట్టి ఇంజిన్‌ను వెనక్కి లాగుతుంది. వాటిలో ఈ టెస్ట్‌లో వచ్చే అంకెను నమ్మలేం.

లాకప్ క్లచ్ ఫిర్యాదు వేరేలా వస్తుంది. “డెబ్బై దగ్గర బండి వణుకుతోంది, గతుకుల మీద పోతున్నట్టుంది” అంటారు. చక్రాల బ్యాలెన్సింగ్, సైలెన్సర్, ఇంజిన్ మౌంటింగులు అన్నీ మార్చేసి చివరికి ఇక్కడికి వచ్చేవాళ్లున్నారు. దీన్ని తేల్చే ఉపాయం చిన్నది. వణుకు వస్తున్నప్పుడు ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను బ్రేకు పడనంత తేలిగ్గా తాకాలి. బ్రేకు లైటు వెలగగానే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. వణుకు ఆ క్షణమే ఆగితే దోషి లాకప్పే. (ఖాళీ రోడ్డు మీద, అనుభవం ఉన్నవాళ్లు చేయాల్సిన పని ఇది.)

ఆ వణుకు వెనక రాపిడి శాస్త్రం ఉంది. ఇప్పటి లాకప్ క్లచ్‌లు పూర్తిగా బిగియవు. ఇంజిన్ అదురు పైకి తెలియకుండా కొద్దిపాటి జారుడుతో, నిమిషానికి కొన్ని పదుల చుట్ల తేడాతో నడిచేలా కంప్యూటర్ వాటిని పట్టి ఉంచుతుంది. జారుడు తగ్గే కొద్దీ రాపిడి కూడా తగ్గితే క్లచ్ నెమ్మదిగా, నున్నగా పట్టుకుంటుంది. జారుడు తగ్గే కొద్దీ రాపిడి పెరిగితే చటుక్కున అతుక్కుంటుంది, బలం మీద పడగానే విడిపోతుంది, మళ్లీ అతుక్కుంటుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇది జరిగితే అదే వణుకు. మొదటి రకం ప్రవర్తన నూనెలో కలిపిన రసాయనాల వల్ల వస్తుంది. అవి వేడికి, వయసుకు అరిగిపోతాయి. కాబట్టి వణికే ప్రతి కన్వర్టర్‌నూ కోయనక్కర్లేదు. లైనింగ్ ఇంకా బతికుంటే సరైన నూనె మార్చడంతోనే నయమయ్యే కేసులున్నాయి. నూనె నల్లబడి మాడు వాసన వస్తూ, అందులో లైనింగ్ పొడి కనిపిస్తే మాత్రం నూనె మార్చి లాభం లేదు.

నీళ్లు చేరితే కథ వేరు. లాకప్ లైనింగ్ ఎక్కువగా కాగితపు నారతో, రెసిన్‌తో చేసినది, జిగురుతో ఉక్కు పళ్లెం మీద అంటించినది. అది నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, జిగురు ఊడుతుంది. రేడియేటర్‌లో కలిసి ఉన్న నూనె కూలర్‌కు చిల్లు పడితే కూలెంట్ నేరుగా గేర్ బాక్సులోకి వస్తుంది, నూనె గులాబీ రంగు పాలలా మారుతుంది. వరదలో మునిగిన బండిలోకి గేర్ బాక్సు గాలి గొట్టం గుండా నీళ్లు దిగుతాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి ఆటోమేటిక్ కారుకు గేర్ నూనె ఒకసారి మార్చి తాళం చెవి చేతికిచ్చేస్తే, అది పని చేసినట్టు కాదు. కన్వర్టర్‌కు సాధారణంగా డ్రెయిన్ ప్లగ్ ఉండదు, దాని లోపలి నూనెలో చాలా భాగం అక్కడే ఉండిపోతుంది.

ఇన్ని తేలాకే లేత్ మెషీన్. కోసే ముందు రెండు సగాల మీదా గీత గీస్తారు, తర్వాత అదే వరసలో కలపాలి కాబట్టి. హబ్‌ను కేంద్రంగా పట్టించి, డయల్ గేజ్‌తో చూసి, వెల్డింగ్‌ను మాత్రమే చెక్కుతారు. ఉక్కును అవసరానికి మించి తీసేస్తే మరోసారి కోయడానికి మిగలదు. తెరిచాక వేడి ద్రావణంతో కడిగి, ఒక్కోటీ చూస్తారు. ఇంపెల్లర్ రెక్కలు వేలితో కదుపుతారు. ఏ రెక్క ఊగినా అది ఒకరోజు విరిగి తక్కినవాటిని నరుకుతుంది. టర్బైన్ పళ్లు అరిగాయా, దాని రివెట్లు వదులయ్యాయా, స్ప్రింగులు విరిగాయా, థ్రస్ట్ బేరింగుల సూదులు గుంతలు పడ్డాయా, హబ్ మీద ఆయిల్ సీల్ తిరిగే చోట గాడి పడిందా చూస్తారు. వన్‌వే క్లచ్‌ను మామూలుగా కొత్తది వేయడమే మంచిది. దాని స్ప్రింగుల అలసట కంటికి కనపడదు.

ఆ వన్‌వే క్లచ్‌ను తలకిందులుగా కూర్చోబెట్టడానికి పైకి ఏ అడ్డూ లేని నమూనాలున్నాయి. అలా పెట్టి వెల్డ్ చేసేస్తే, తక్కిన పని ఎంత చక్కగా చేసినా బండి మొదటి సిగ్నల్ దగ్గరే లేవలేక మూలుగుతుంది. అతుకు వేయక ముందే చేత్తో తిప్పి చూడాలి: ఇంజిన్ తిరిగే దిశలో స్టేటర్ సులువుగా తిరగాలి, ఎదురు దిశలో గట్టిగా ఆగాలి. ఈ పరీక్షకు పట్టేది రెండు సెకన్లు. స్టేటర్ ఎందుకుందో తెలియనివాడికి మాత్రం ఆ రెండు సెకన్లు గుర్తుకు రావు.

లాకప్‌కు కొత్త లైనింగ్ అంటించడం వేడి, ఒత్తిడి, సమయం మూడూ కలిసిన పని. జిగురు గట్టిపడే ఉష్ణోగ్రత కన్నా తక్కువైతే లైనింగ్ ఊడుతుంది, ఎక్కువైతే పెళుసెక్కుతుంది. లైనింగ్ ఒరుసుకునే కవరు లోపలి ముఖాన్ని లేత్ మీద సమంగా చెక్కుతారు. ఇక్కడే చాలామంది జారిపోతారు. కవరును చెక్కితే సందు పెరుగుతుంది. లైనింగ్ మందం పెరిగితే సందు తగ్గుతుంది. సందు మరీ తగ్గితే క్లచ్ వదలాల్సినప్పుడు వదలదు, డి లో వేయగానే ఇంజిన్ ఆగిపోతుంది. మరీ పెరిగితే ఆలస్యంగా, దబ్బున పట్టుకుంటుంది. తేడా మిల్లీమీటరులో కొద్ది భాగమే. అందుకని కొలతలు కోతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీసి కాగితం మీద పెట్టినవాడే పనివాడు. “గట్టి రకం లైనింగ్ వేశాం సార్, పదేళ్లు చూసుకోనక్కర్లేదు” అనే మాటను నేను నమ్మను. కంప్యూటర్ ఆ కొద్దిపాటి జారుడును అదుపు చేస్తున్నది ఫలానా లైనింగ్, ఫలానా నూనె కలిస్తే వచ్చే రాపిడిని నమ్ముకునే. లైనింగ్ ఒక్కదాన్నే మారిస్తే లెక్క మొత్తం మారుతుంది.

మళ్లీ అతికేటప్పుడు వెల్డర్ చేయి ఎంత నిలకడగా ఉన్నా చాలదు. డబ్బాను ఫిక్స్చర్‌లో పట్టించి, ఒకే వేగంతో తిప్పుతూ అతుకు వేస్తారు. ఎందుకంటే వెల్డింగ్ చల్లారుతూ ఉక్కును తన వైపు లాక్కుంటుంది. ఒక వైపు ఎక్కువ లాగితే హబ్ కేంద్రం నుంచి పక్కకు పోతుంది. అతుకు బలం గురించి కూడా ఒక లెక్క. 24 సెంటీమీటర్ల కన్వర్టర్ 5000 ఆర్‌పీఎం దగ్గర లాకప్ అయి తిరుగుతుంటే, లోపలి నూనె అంచును నెట్టే ఒత్తిడి వాతావరణ పీడనానికి పదహారు రెట్లు దాటుతుంది. ఇది కేవలం తిరుగుడు వల్ల వచ్చేది. గేర్ బాక్సు పంపు ఇచ్చే ఒత్తిడి దీనికి అదనం. అందుకే అతికాక గాలి ఒత్తిడి పెట్టి, నీళ్లలో బుడగలు వస్తున్నాయేమో చూడకుండా ఏ కన్వర్టర్‌నూ బయటికి పంపకూడదు. తర్వాత బ్యాలెన్సింగ్. అంచున 10 గ్రాముల బరువు ఎక్కువైనా అదే 5000 దగ్గర 33 కిలోల బరువంత బలంతో షాఫ్టును గుంజుతుంది.

బిగించడంలోనూ ఒక చెవి పరీక్ష ఉంది. ముందుగా కన్వర్టర్‌లో సుమారు లీటరు నూనె పోస్తారు, మొదటి క్షణాల్లో బేరింగులు ఎండిపోకుండా. గేర్ బాక్సులోకి నెడుతూ మెల్లగా తిప్పితే అది మూడు మెట్లుగా లోపలికి దిగుతుంది: టర్బైన్ పళ్లు షాఫ్టు మీద ఒకసారి, స్టేటర్ పళ్లు గొట్టం మీద ఒకసారి, హబ్ గాళ్లు పంపు గేరులో ఒకసారి. మూడు ‘టక్’లు వినపడాలి. రెండే విని బోల్టులు బిగించి లాగేస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పంపు పగులుతుంది. ఇంజిన్‌ను కన్వర్టర్‌కు కలిపే ఫ్లెక్స్ ప్లేటు పగుళ్లిచ్చి ఉంటే దాన్ని కూడా అప్పుడే మార్చాలి.

మన దగ్గర ఈ పని ఎవరు చేస్తున్నారు? అమెరికాలో కన్వర్టర్లు కోసి బాగుచేయడమే వ్యాపారంగా ఉన్న షాపులున్నాయి, వాటికి సంఘమూ ఉంది. ఆటోమేటిక్ గేర్ బాక్సు మెకానిక్‌లకు ఏఎస్ఈ అనే సంస్థ ఏ2 పేరుతో విడిగా పరీక్ష పెడుతుంది. మనకు ఈ యంత్రం కొత్త కాదు. రైల్వే ఇంజినీరు ఎం.ఎం. సూరి రూపొందించిన సూరి ట్రాన్స్‌మిషన్ కన్వర్టర్ సూత్రం మీదే షంటింగ్ ఇంజిన్లను నడిపింది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల డంపర్లు, డోజర్ల కన్వర్టర్లు పెద్దవి. భారీ యంత్రాల్లో చాలావాటికి వెల్డింగ్ బదులు బోల్టులే ఉంటాయి, విప్పడం తేలిక, అందుకే వాటిని ఓవర్‌హాల్ చేసే అలవాటు అక్కడ పాతదే. కార్ల సంగతే వెనకబడింది. ఇన్నోవా, థార్, క్రెటా డీజిల్ లాంటి బండ్లలో కన్వర్టర్ ఆటోమేటిక్‌లు కొన్నేళ్లుగా తిరుగుతున్నాయి, వయసు మీద పడుతోంది. వాటికి చాలా గ్యారేజీలు చెప్పే మందు ఒక్కటే, మొత్తం మార్చేయడం. ఏఎంటీ పేరుతో వచ్చే చవక ఆటోమేటిక్‌లలో అసలు కన్వర్టరే ఉండదని తెలియక, లేని భాగానికి రోగం అంటగట్టిన సందర్భాలూ ఉంటాయి.

ఐటీఐలో రెండేళ్ల మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు వెల్డింగ్ వస్తుంది, కొలతలు తీయడం వస్తుంది. వాళ్లకు కావాల్సింది కోసి సగానికి తెరిచి పెట్టిన ఒక పాత కన్వర్టర్, స్టేటర్‌ను చేత్తో తిప్పి చూసే వీలు, నూనె ఎటు నుంచి ఎటు పారుతుందో బోర్డు మీద గీసి చెప్పే ఒక మాస్టారు. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి ఐటీఐ వర్క్‌షాపులోనూ అది ఉండాలి.

కారున్నవాళ్లకు ఒక మాట. కన్వర్టర్ మార్చినా, బాగుచేయించినా, బిల్లు కట్టే ముందు నూనె కూలర్‌ను, దాని పైపులను కడిగారా అని అడగండి. కోసిన కన్వర్టర్‌లో దొరికిన ఉక్కు పొడి, లైనింగ్ పొడి అక్కడే ఆగి ఉండదు. నూనెతో పాటు కూలర్ సన్నటి దారుల్లోకి చేరి ఉంటుంది. కడగకుండా బిగిస్తే ఆ పాత చెత్త మళ్లీ కొత్త నూనెలోకే వస్తుంది.